ఇరవై లక్షల్లో కొత్త టర్బోనా, పాత బీఎండబ్ల్యూనా? తేల్చుకునే వరుస, కొనే పద్ధతి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి ఈ ప్రశ్న తరచూ వస్తోంది. చేతిలో 18 నుంచి 22 లక్షలున్నాయి, నడిపితే మజా రావాలి. షోరూమ్‌కు పోయి కొత్త టర్బో సెడాన్ తెచ్చుకోవాలా, అదే డబ్బుకు హైదరాబాద్‌లో ఆరేడేళ్లు తిరిగిన బీఎండబ్ల్యూనో బెంజో పట్టుకోవాలా?

రెండూ నడిపి చూశాక తేల్చుకుందాం అని చాలామంది అనుకుంటారు. అక్కడే బోల్తా పడతారు. బీఎండబ్ల్యూ 320డీ స్టీరింగ్ ఒక్కసారి పట్టుకున్నాక టైర్ల రేటు అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే ఇక్కడ వరుస వేరు: ముందు మీ రోడ్డు, తర్వాత మూడేళ్ల లెక్క, ఆ తర్వాతే కారు.

## 1. బరిలో ఉన్నవి ఇవీ

రెండు తలుపుల అసలు సిసలు స్పోర్ట్స్ కారు ఈ బడ్జెట్‌లో మన దేశంలో కొత్తగా దొరకదు. దొరికేవి టర్బో పెట్రోల్ సెడాన్లు, హ్యాచ్‌బ్యాక్‌లు.

కొత్తవి:

- హ్యుందాయ్ వెర్నా 1.5 టర్బో: 160 పీఎస్ (హార్స్‌పవర్) పవర్, 253 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం).
- ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, స్కోడా స్లావియా 1.5 టీఎస్ఐ: 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు.
- హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్: 120 పీఎస్. బడ్జెట్ తగ్గించుకోవాలంటే ఇది. పొడవు 4 మీటర్లలోపు, ఇంజిన్ 1200 సీసీలోపు కాబట్టి 2025 సెప్టెంబర్ 22 నుంచి దీనికి 18 శాతం జీఎస్టీ. పైవాటికి 40 శాతం.

పాతవి:

- బీఎండబ్ల్యూ 320డీ, 2016 తర్వాతిది: 190 పీఎస్, 400 న్యూటన్ మీటర్లు.
- మెర్సిడెస్ సీ220డీ, 2018 తర్వాతిది: 194 పీఎస్, 400 న్యూటన్ మీటర్లు.
- ఆడి ఏ4 35 టీడీఐ: 190 పీఎస్, 400 న్యూటన్ మీటర్లు. ఆడి 2020లో మన దేశంలో డీజిల్ ఆపేసింది కాబట్టి ఆ తర్వాతి ఏ4లన్నీ పెట్రోలే.

అంకెల్లో పాతవే గెలుస్తాయి. 80 నుంచి 120కి లారీని దాటేటప్పుడు 400 న్యూటన్ మీటర్ల లాగుడు వేరుగా ఉంటుంది, అందులో అనుమానం లేదు. అయితే కొత్త సెడాన్లు బరువులో రెండు క్వింటాళ్లకు పైగా తేలిక. ఊళ్లో, సందుల్లో అవే చురుగ్గా తిరుగుతాయి.

## 2. మీ రోడ్డు కాగితం మీద పెట్టండి

గత నెలలో మీ బండి ఎక్కడెక్కడ తిరిగిందో రాయండి. హైవే మీద ఎన్ని కిలోమీటర్లు, మండల రోడ్ల మీద ఎన్ని, ఊళ్లో ఎన్ని. సగం తీర్పు ఈ కాగితమే చెప్తుంది.

హైవే ఎక్కువైతే. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబర్ జాతీయ రహదారి ఎక్కి హైదరాబాద్‌కు, లేదా జడ్చర్ల దగ్గర 44 ఎక్కి కర్నూలు వైపు వారానికి రెండు మూడుసార్లు పోయేవాళ్లకు పాత జర్మన్ డీజిల్ బాగా కుదురుతుంది. బీఎస్6 (2020 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన పొగ నిబంధన) డీజిళ్ల పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది తనను తాను కాల్చుకుని శుభ్రపడాలంటే ఒకే వేగంతో కొంతసేపు హైవే మీద పరుగు తీయాలి. ఇంటి నుంచి షాపుకు, షాపు నుంచి బడికి రెండేసి కిలోమీటర్లు తిరిగితే ఆ ఫిల్టర్ మూసుకుపోతుంది.

మండల రోడ్లు ఎక్కువైతే. ఇక్కడ గ్రౌండ్ క్లియరెన్సే మాట్లాడుతుంది. వర్టస్‌కు ఖాళీగా ఉన్నప్పుడు 179 మిల్లీమీటర్లు. జర్మన్ సెడాన్లు అంతకంటే చాలా కిందికి ఉంటాయి. ఊరి మొదట్లో ఎవరి ఇంటి ముందు వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద, నలుగురు కూర్చుని డిక్కీలో సామాను పెడితే, కింది ప్లాస్టిక్ కవచం రాసుకోవడం ఖాయం. ఆ కవచం ఊడితే తర్వాత దెబ్బ ఆయిల్ చాంబర్‌కే.

వరి కోతలప్పుడు ఇంకో ఇబ్బంది. రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు వరుసగా పెడతారు. రాత్రిపూట ఆ రాయి ఎక్కితే పలుచటి 45 ప్రొఫైల్ టైరుకు రిమ్ము కూడా తోడుపోతుంది.

పంచర్ సంగతి. బీఎండబ్ల్యూల్లో చాలావాటికి స్టెప్నీ ఉండదు, రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటాయి. గాలి పోయినా గంటకు 80 కి.మీ. మించకుండా దాదాపు 80 కి.మీ. వరకు నడపవచ్చు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ దాని పక్క గోడ గట్టిగా ఉంటుంది, చేతి పనిముట్లతో విప్పితే అంచు చిరుగుతుంది. టైర్ మార్చే మిషను ఉన్న షాపే కావాలి. అచ్చంపేట దాటి మన్ననూరు మీదుగా శ్రీశైలం అడవి దారిలో అలాంటి షాపు కోసం ఎదురుచూడకండి.

మెకానిక్ ఎంత దూరం. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కి.మీ. జర్మన్ లగ్జరీ బండి పని తెలిసిన షెడ్లు, స్కానర్లు, సామాను అన్నీ అక్కడే. చిన్న సెన్సార్ పోయినా ఒక రోజు పని మానుకోవాలి, కదలకపోతే ఫ్లాట్‌బెడ్ టోయింగ్ ఖర్చు వేరు.

ఇంట్లో ఉన్నది ఒక్క కారే అయి, రాత్రిపూట ఆసుపత్రికైనా అదే తీయాల్సి వస్తే, మా సలహా కొత్తదే. పాత ప్రీమియం కారు రెండో కారుగా బాగుంటుంది.

## 3. మూడేళ్ల లెక్క వేయండి

కొనే ధర ఒక్కటే పోల్చడం పెద్ద పొరపాటు. ఏడాదికి 15,000 చొప్పున మూడేళ్లకు 45,000 కి.మీ. అనుకుని, రెండు కార్లకూ ఈ పద్దులన్నీ విడివిడిగా రాయండి.

వడ్డీ. పాత కార్ల లోన్‌కు వడ్డీ ఎక్కువ. 10 లక్షలు ఐదేళ్లకు 9 శాతానికి తీసుకుంటే నెల వాయిదా సుమారు 20,760. అదే 13 శాతానికి 22,750. ఐదేళ్లలో తేడా దాదాపు 1.2 లక్షలు.

లైఫ్ ట్యాక్స్. కొత్త కారు ధర పెరిగేకొద్దీ ట్యాక్స్ శాతం కూడా పెరుగుతుంది, అది ఆన్‌రోడ్ ధరలో మీ నెత్తినే పడుతుంది. తెలంగాణలోనే రిజిస్టర్ అయిన పాత కారుకు మొదటి ఓనరే కట్టేశాడు. పాత ప్రీమియం కారులో అసలు లాభం ఇక్కడే ఉంది.

ఇంధనం. పెట్రోలు 107, డీజిల్ 96 రూపాయల చొప్పున వేసుకుందాం. టర్బో పెట్రోల్ లీటరుకు 12 ఇస్తే మూడేళ్లకు సుమారు 4 లక్షలు. డీజిల్ సెడాన్ 15 ఇస్తే 2.9 లక్షలు. ఇక్కడా పాతదే ముందు.

ఇన్సూరెన్స్. బీమా లెక్కలో కారు విలువ రెండేళ్లు దాటాక 30 శాతం, మూడేళ్లు దాటాక 40, నాలుగు దాటాక 50 శాతం తగ్గుతుంది. ఐదేళ్లు దాటితే విలువ మీరూ కంపెనీ మాట్లాడుకునేదే. పాత కారుకు జీరో డెప్రిసియేషన్ పాలసీ ఇస్తారో లేదో కొనకముందే అడగండి. హెడ్‌లైట్, బంపర్, రాడార్ సెన్సార్ ఒక్క గుద్దుకే పోతే, ఆ పాలసీ లేకుంటే ప్లాస్టిక్ భాగాల్లో సగం ఖర్చు మీ జేబులోంచే.

సామాను. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఛాసిస్ నంబర్ చెప్పి ఈ ఆరింటి రేట్లు, కూలీతో సహా, ఫోన్‌లోనే రాసుకోండి:

- నాలుగు టైర్లు
- ముందు, వెనక బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు
- బ్యాటరీ. బీఎండబ్ల్యూలో కొత్త బ్యాటరీని స్కానర్‌తో కారు కంప్యూటర్‌లో నమోదు చేయించాలి, ఆ ఖర్చు కూడా
- గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్
- ముందు సస్పెన్షన్ ఆర్మ్‌లు, బుష్‌లు
- ఒక హెడ్‌లైట్

ఒకటి అధీకృత సర్వీస్ సెంటర్ రేటు, ఇంకొకటి బయటి స్పెషలిస్ట్ షెడ్డు రేటు. రెండూ రాసుకుంటే గుండె దిటవు ఎంతుందో తెలిసిపోతుంది.

పక్కన పెట్టే డబ్బు. పాత ప్రీమియం కారు కొంటే ధరలో కనీసం 15 శాతం మొదటి ఏడాది మరమ్మతుకు విడిగా ఉంచండి. 18 లక్షల కారుకు 2.7 లక్షలు. అంటే మీ బడ్జెట్ 20 అయితే వెతకాల్సింది 17 లక్షల కారు. ఉన్నదంతా కారులో పెట్టి, మొదటి బిల్లుకు చిట్టీ పాడుకునే పరిస్థితి వద్దు.

## 4. తీర్పు రాసేయండి

ఈ ఐదింటిలో నాలుగు అవునంటేనే పాతది వెతకండి.

- ఇంట్లో ఇంకో కారు ఉంది
- నెలలో సగానికి పైగా తిరుగుడు హైవే మీదే
- మరమ్మతు డబ్బు విడిగా ఉంది, లోన్ లేదు లేదా తక్కువ
- పనికోసం హైదరాబాద్‌లో రెండు రోజులు బండి వదలగలరు
- కనీసం మూడేళ్లు ఉంచుకుంటారు

మూడే వచ్చాయంటే కొత్తదానికే పోండి. మొదటిది కాదంటే మిగతా నాలుగూ వచ్చినా మేము వద్దనే అంటాం.

## 5. కొత్తదైతే

ఇక్కడ పని తక్కువ, కాబట్టి క్లుప్తంగా.

1. టెస్ట్ డ్రైవ్ ఒక్కరే కాదు, నలుగురిని ఎక్కించి, ఏసీ పెట్టి చేయండి. స్పీడ్ బ్రేకర్ల రోడ్డు మీరే ఎంచుకోండి.
2. ఆటోమేటిక్ కావాలా అని నిజంగా ఆలోచించండి. వర్టస్, స్లావియా 1.5 ఆటోమేటిక్‌లో ఉన్నది డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లు (డ్యుయల్ క్లచ్) ఉండే గేర్‌బాక్స్, ఆ క్లచ్‌లను చల్లబరిచే ఆయిల్ ఉండదు. ఎండలో, అడుగడుగునా ఆగే ట్రాఫిక్‌లో దానికి వేడి ఎక్కువ. బ్రేక్ మీద కాలు సగం పెట్టి పాక్కుంటూ పోవడం దానికి పడదు. ముందు కారుకు కాస్త ఖాళీ వదిలి, ఒకేసారి కదలండి.
3. మీ జిల్లా కేంద్రంలో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందా, లేక షోరూమ్ ఒక్కటే ఉందా కనుక్కోండి.
4. వారంటీ: వర్టస్‌కు 4 ఏళ్లు లేదా లక్ష కి.మీ., వెర్నాకు 3 ఏళ్లు, కిలోమీటర్ల పరిమితి లేదు. టర్బో, డ్యుయల్ క్లచ్ బండికి ఎక్స్‌టెండెడ్ వారంటీ దండగ కాదు.
5. డబ్బు మొత్తం కట్టకముందే కారును యార్డులో పగటి వెలుతురులో చూడండి. తయారీ నెల కారుతో కంపెనీ ఇచ్చే ఫారం 22 సర్టిఫికెట్‌లో ఉంటుంది. టైర్ల మీది తేదీతో సరిచూడండి.
6. ఇన్సూరెన్స్ బయట రేటు అడిగి తెచ్చి చూపించండి. టెఫ్లాన్ కోటింగ్, యాక్సెసరీ ప్యాకేజీ తప్పనిసరి అంటే ఒప్పుకోవద్దు.

మొదటి 1,500 కి.మీ. పూర్తి యాక్సిలరేటర్ తొక్కవద్దు. అలాగని 60 దగ్గరే ఒకే వేగంతో లాగించడమూ మంచిది కాదు, వేగం మారుస్తూ నడపండి.

## 6. పాతదైతే: ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్

బ్రాండ్ చూసి కాదు, బానెట్ కింద ఏముందో చూసి ఎంచుకోండి.

బీఎండబ్ల్యూ 320డీ. 2015 దాకా వచ్చిన ఎన్47 ఇంజిన్‌లో టైమింగ్ చైన్ (వాల్వ్‌లను వేళకు తెరిపించే గొలుసు) వెనక వైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. అరిగితే మార్చడానికి చాలా భాగం విప్పాలి, తెగితే ఇంజిన్ పోయినట్టే. 2016 తర్వాతి బీ47 ఇంజిన్ ఉన్నదే చూడండి. 8 స్పీడ్ జడ్ఎఫ్ గేర్‌బాక్స్ మంచిది, కానీ ఆయిల్ జీవితకాలం పనిచేస్తుందన్న మాట పట్టించుకోకండి. గేర్‌బాక్స్ చేసిన జడ్ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య మార్చమంటుంది.

మెర్సిడెస్ సీ క్లాస్ పెట్రోల్. చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టగానే మొదటి రెండు మూడు సెకన్లు గరగర మంటే క్యామ్ అడ్జస్టర్, అంటే వాల్వ్‌ల టైమింగ్ సర్దే భాగం, అరిగినట్టు.

ఆడి, స్కోడా పెట్రోల్ టర్బోలు. వాటర్ పంప్, థర్మోస్టాట్ ఉండే గూడు ప్లాస్టిక్‌ది. వేడికి వంగి కూలెంట్ కారుతుంది. ఆ చోట ఎండిపోయిన గులాబీ రంగు పొర కనిపిస్తే అదే.

పెట్రోల్ ఏదైనా. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. 2023 ఏప్రిల్ కంటే ముందు తయారైన కార్లు దీనికోసం చేసినవి కావు. ట్యాంకు మూత లోపలి స్టిక్కర్ మీద ఎంత ఇథనాల్ వరకు అనుమతి ఉందో, ఎంత ఆక్టేన్ కావాలో చదవండి. 95 అడిగే బండి అయితే మీ ఊరి బంకులో 95 ఆక్టేన్ పెట్రోలు దొరుకుతుందో లేదో చూసుకోండి.

వయసు 4 నుంచి 7 ఏళ్లు, 70,000 కి.మీ.లోపు అయితే మేలు. కంపెనీల సొంత సెకండ్ హ్యాండ్ విభాగాలు, అంటే బీఎండబ్ల్యూ ప్రీమియం సెలెక్షన్, మెర్సిడెస్ బెంజ్ సర్టిఫైడ్, ఆడి అప్రూవ్డ్ ప్లస్, బయటికంటే ఎక్కువ అడుగుతాయి. వారంటీ రాసిస్తే ఆ తేడాకు విలువుంది.

## 7. కాగితాలు ముందు, కారు తర్వాత

ఫొటోలు చూసి హైదరాబాద్ బస్సెక్కకండి. ముందు ఆర్‌సీ రెండు వైపులా, ఇన్సూరెన్స్ కాపీ వాట్సాప్‌లో తెప్పించుకోండి.

- ఓనర్ ఎన్నో వాడు. కంపెనీ పేరు మీదుంటే అమ్మడానికి అధికారమిచ్చే లెటర్ కావాలి.
- ఫైనాన్స్. ఆర్‌సీ మీద బ్యాంకు పేరుంటే దాన్ని తీయించే ఫారం 35, బ్యాంక్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న లెటర్) రెండూ ఉండాలి. "లోన్ ఎప్పుడో తీరింది సార్" అన్న మాట కాగితం కాదు.
- చలాన్లు. పోలీసుల ఈ చలాన్ సైట్‌లో నంబర్ కొట్టి చూడండి. పాతవి ముందే కట్టించాలి.
- సర్వీస్ రికార్డు. ఛాసిస్ నంబర్‌తో అధీకృత సెంటర్ నుంచి తెప్పించమనండి. ఇవ్వడానికి సాగదీస్తే అక్కడితో వదిలేయండి.
- ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు. పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడండి. ఆరేళ్లు ఒకే చేతిలో ఉన్న కారుకు బోనస్ సున్నా ఉంటే ఏదో జరిగింది.

వేరే రాష్ట్రం కారు. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ కార్లకు ఆంక్షలున్నాయి. అందుకే ఎనిమిదేళ్లవి అక్కడ చవకగా తెగి, హైదరాబాద్ కన్సల్టెన్సీలకు చేరతాయి. వాటికి అక్కడి ఆర్‌టీవో ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, కావాలి. ఇక్కడ అసలు ధర, వయసు లెక్కన లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. 12 నెలలు దాటి ఇక్కడ ఉంచితే టీజీ నంబర్ తప్పనిసరి. ఈ ఖర్చంతా ధరకు కలిపి చూస్తే చవక చాలాసార్లు మాయమైపోతుంది.

డీలర్ "ధర మీద 18 శాతం జీఎస్టీ అదనం" అంటే నవ్వి ఊరుకోండి. పాత కార్ల మీద ఆ 18 శాతం డీలర్ మిగుల్చుకున్న తేడా మీదే, అదీ అతను కట్టేది. ఒక వ్యక్తి దగ్గర నేరుగా కొంటే జీఎస్టీయే లేదు.

## 8. కారు చూసే రోజు

పొద్దున పోండి, ఎండ ఉన్నప్పుడు. ఇంజిన్ వేడి చేసి ఉంచవద్దని ముందే చెప్పండి. పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, చల్లబడేదాకా బయట తిరిగి రండి. తొందర అమ్మేవాడిది.

బాడీ. పెయింట్ మందం కొలిచే మీటర్ తీసుకుపోండి. కంపెనీ పెయింట్ మామూలుగా 90 నుంచి 150 మైక్రాన్లు. 200 దాటితే మళ్లీ పెయింట్ వేశారు. 300 దాటితే కింద లప్పం ఉంది. ఒక తలుపు పెయింట్ పెద్ద విషయం కాదు. పైకప్పు, తలుపుల మధ్య స్తంభాలు, డిక్కీ అడుగు మీద ఎక్కువ చూపిస్తే ఆ బండి వద్దు.

అద్దాలు, టైర్లు. అన్ని అద్దాల మీదా తయారీ ఏడాది ఒకటే ఉండాలి. టైరు మీద చివరి నాలుగంకెలు వారం, ఏడాది: 2321 అంటే 2021లో 23వ వారం. ఐదేళ్లు దాటితే గీతలు బాగున్నా మార్చాల్సిందే, బేరంలో కోత పెట్టండి.

నీళ్లలో మునిగిందా. దీనికి ఇరవై నిమిషాలు ఇవ్వండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో, మున్నేరు పొంగి ఖమ్మంలో ఎన్నో కార్లు మునిగాయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ కాలనీల్లోనూ అంతే. అలాంటివి కడిగి, సీట్లు కుట్టించి ఎక్కడైనా అమ్మకానికి రావచ్చు.

- సీటు బెల్టు చివరిదాకా లాగండి. చివరి అడుగులో బురద గీత ఉంటుంది, అక్కడిదాకా కడిగేవాళ్లు తక్కువ.
- ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, పట్టాల బోల్టుల మీద తుప్పు చూడండి.
- డిక్కీ అడుగు లేపండి. బీఎండబ్ల్యూలో బ్యాటరీ, కొన్ని కంట్రోల్ యూనిట్లు అక్కడే ఉంటాయి. కనెక్టర్ల మీద పచ్చటి చిలుము ఉంటే మునిగినట్టే.
- పాదాల దగ్గర కార్పెట్ కింద వేలితో నొక్కండి. తడిగా ఉంటే వరదే కానక్కర్లేదు. సన్‌రూఫ్ నీళ్లు పోయే గొట్టాలు దుమ్ముతో మూసుకుపోయినా అంతే. రెండూ ఖర్చే.

మీటర్ తిప్పారా. స్టీరింగ్, డ్రైవర్ సీటు కుడి అంచు, బ్రేక్ పెడల్ రబ్బరు అరుగుదలను మీటర్‌తో పోల్చండి. 42,000 కి.మీ. బండికి పెడల్ నున్నగా ఉండకూడదు. పాత పొల్యూషన్ సర్టిఫికెట్లు, సర్వీస్ బిల్లుల మీది కిలోమీటర్లు వరుసలో ఉన్నాయా చూడండి.

సెల్ఫ్ కొట్టినప్పుడు. ఒకరు లోపల, ఒకరు వెనక. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. ఆగని తెల్ల పొగ, తీపి వాసన అంటే కూలెంట్. ఇంజిన్ 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య ఉంచి, వెనక వైపు ఇనుము రాసుకున్న చప్పుడు వస్తుందా వినండి.

నడిపేటప్పుడు. కనీసం 40 నిమిషాలు. గేర్‌బాక్స్ రోగం వేడెక్కాకే బయటపడుతుంది, పది నిమిషాల డ్రైవ్‌లో ఏదీ తెలియదు.

1. బ్రేక్ తొక్కి డీ నుంచి రివర్స్, రివర్స్ నుంచి డీ. ధన్ మనకూడదు, రెండు సెకన్లు ఆలోచించకూడదు.
2. ట్రాఫిక్‌లో మెల్లగా. ఒకటి నుంచి రెండో గేరుకు వణుకు వస్తే డ్యుయల్ క్లచ్ అరిగింది.
3. స్పీడ్ బ్రేకర్ మీద కిటికీలు దించి, ఆడియో ఆపి. లొడలొడ వస్తే ఆర్మ్‌లు, బుష్‌లు.
4. ఔటర్ రింగ్ రోడ్డు మీద 80, 100 దగ్గర స్టీరింగ్ వదులుగా పట్టుకోండి. ఊగితే రిమ్ము వంగింది, బ్రేక్ వేస్తేనే ఊగితే డిస్కులు.
5. ఆపి, ఎండలో ఇంజిన్ ఆన్‌లో ఉంచి పది నిమిషాలు ఏసీ. మన దగ్గర ఏప్రిల్, మే ఎండకు ఇదే అసలు పరీక్ష.

## 9. లిఫ్ట్, స్కానర్ లేకుండా బయానా ఇవ్వొద్దు

మీరు ఎంచుకున్న షెడ్డుకే కారు రావాలి, అమ్మేవాడు చెప్పిన చోటికి కాదు. ఫీజు మీరే ఇవ్వండి, అప్పుడే మెకానిక్ మీ మనిషి.

స్కానర్‌లో మూడు అడగండి. ఒకటి, అన్ని యూనిట్లలో తప్పు కోడ్‌లు. రెండు, వేర్వేరు యూనిట్లలో దాచిన కిలోమీటర్లు. డ్యాష్‌బోర్డు మీటర్ తిప్పినవాడు అన్నిచోట్లా తిప్పడు. మూడు, కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే ఎమిషన్ (పొగ) పరీక్షల స్థితి. ఎక్కువ భాగం "పూర్తి కాలేదు" అని చూపిస్తే కోడ్‌లు ఆ పొద్దునే చెరిపేసి ఉంటారు. 100 కి.మీ. నడిపించాక మళ్లీ స్కాన్ చేయించండి.

లిఫ్ట్ ఎక్కాక ఒక్కో చక్రం చేత్తో తిప్పి, రిమ్ము లోపలి అంచు చూడండి. బయటికి మెరిసే రిమ్ముకు లోపల వెల్డింగ్ గీత ఉంటుంది. వెల్డింగ్ చేసిన రిమ్మును మార్చాల్సిన రిమ్ముగానే లెక్కగట్టండి. ఆయిల్ ఫిల్టర్ గూడు దగ్గర, చాంబర్ జాయింట్ దగ్గర చెమ్మ. సస్పెన్షన్ బుష్‌ల పగుళ్లు. కింది కవచం ఉందా ఊడిందా. ఎలుకలు కొరికిన వైర్లకు టేపు చుట్టి ఉందేమో కూడా.

మెకానిక్‌తో లోపాల జాబితా రేట్లతో రాయించండి. బేరానికి అంతకు మించిన ఆయుధం లేదు. "ఇంకో పార్టీ సాయంత్రం వస్తోంది" అన్న మాట ప్రతి డీలర్ దగ్గరా ఉంటుంది, రానివ్వండి.

## 10. డబ్బు, బదిలీ

బయానా ఇచ్చేటప్పుడు రసీదు మీద ఇవి ఉండాలి: ఛాసిస్ నంబర్, ఒప్పుకున్న ధర, రెండు తాళంచెవులు, ఎన్‌ఓసీ రాకపోతే బయానా వాపసు.

2 లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. బ్యాంక్ ద్వారానే పంపండి. డీలర్ దగ్గర 10 లక్షలు దాటిన కారుకు 1 శాతం టీసీఎస్ (అమ్మేవాడు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పడుతుంది. అది ఖర్చు కాదు, రిటర్న్ వేసినప్పుడు తిరిగి లెక్కలోకి వస్తుంది.

ఓనర్ పేరు బదిలీకి కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు డబ్బు మొత్తం ఇచ్చేటప్పుడే తీసుకోండి. బదిలీ దరఖాస్తుకు కొన్నవారికి 30 రోజుల గడువు. ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చుకోవడానికి 14 రోజులే. మార్చకుండా నడిపి గుద్దితే మీ కారుకు క్లెయిమ్ రాదు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది మనిషిది, కారుది కాదు. పాత ఫాస్టాగ్ తీయించి మీ పేరు మీద కొత్తది అంటించండి.

## 11. ఎక్కువగా చేసే తప్పులు, సవరణ

- అలాయ్ పెద్దవి వేయడం. 17 ఉన్నచోట 19 వేస్తే మండల రోడ్డు మీద నెలకో రిమ్ము. కారుకు కంపెనీ ఒప్పుకున్న చిన్న సైజుకు దిగితే నయం.
- రన్‌ఫ్లాట్ తీసేసి మామూలు టైర్లు వేయడం. తప్పు కాదు, ప్రయాణం మెత్తబడుతుంది. కానీ గాలి పంపు, పంచర్ కిట్ డిక్కీలో ఉండాలి. దూర ప్రయాణాలకు సన్న స్టెప్నీ కూడా.
- వెనక టైర్లు అరగదీసి నడపడం. బీఎండబ్ల్యూ, సీ క్లాస్‌లకు వెనక చక్రాలే లాగుతాయి. తొలకరికి ఒండ్రు పట్టిన రోడ్డు మీద వెనక భాగం జారుతుంది. గీత లోతు 3 మిల్లీమీటర్లకు రాగానే మార్చండి.
- రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి పవర్ పెంచడం. కొత్త టర్బోకు చేయిస్తే వారంటీ పోతుంది. పాతదానికి చేసి ఉంటే గేర్‌బాక్స్ ఎంత నలిగిందో ఎవరూ చెప్పలేరు, వదిలేయండి.

## 12. పాతది ఇంటికొచ్చాక మొదటి నెల

1. ఇంజిన్ ఆయిల్, అన్ని ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్ మార్చేయండి. నిన్ననే మార్చామని చెప్పినా సరే.
2. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు లేకపోతే, మార్చలేదనే లెక్క.
3. కూలెంట్ పూర్తిగా తీసి, కంపెనీ చెప్పిన రకాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయించండి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఒక్కసారి పోసినా రేడియేటర్ లోపల తెల్ల పొర కడుతుంది.
4. సన్‌రూఫ్ గొట్టాలు శుభ్రం చేయించండి. ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్‌ను ఇక్కడి దుమ్ముకు కంపెనీ చెప్పినదానికంటే ముందే చూసుకోవాలి.
5. బ్యాటరీ నాలుగేళ్లు దాటితే ఇప్పుడే మార్చండి. వోల్టేజ్ తగ్గితే ఈ కార్లు ఒకదాని తర్వాత ఒకటి సంబంధం లేని హెచ్చరికలు చూపిస్తాయి, వాటి వెంటపడి సెన్సార్లు మార్చినవాళ్లు చాలామంది.
6. మొదటి వెయ్యి కిలోమీటర్లు వారానికోసారి ఆయిల్, కూలెంట్ మట్టాలు రాసి పెట్టండి. కొన్ని బీఎండబ్ల్యూ, ఆడిల్లో ఆయిల్ కొలిచే పుల్ల ఉండదు. ఇంజిన్ వేడెక్కాక, సమతలం మీద ఆపి స్క్రీన్‌లోనే చూడాలి.